గోల్డీ కోతి ఎవరి చుట్టం? చిట్టి కోతుల వంశవృక్షాన్ని డీఎన్ఏతో గీయడం ఎలా

దక్షిణ అమెరికా అడవుల్లో మార్మోసెట్లు, టామరిన్లు అనే చిట్టి కోతులున్నాయి. శాస్త్రవేత్తలు ఈ కుటుంబాన్ని కాలిట్రికిడే అంటారు. వీటిలో అతి చిన్నది పిగ్మీ మార్మోసెట్. బాగా ఎదిగినా 100 నుంచి 120 గ్రాములకు మించి పెద్దగా తూగదు. డీఎన్ఏతో పరిణామ చరిత్రను వెతకడం నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి కుటుంబం దొరకదని నా అభిప్రాయం. కంటికి కనిపించే పోలికలు చెప్పిన కథను డీఎన్ఏ ఇక్కడ తిరగరాసింది. పైగా ఈ పనిలో మనల్ని తప్పుదారి పట్టించే ఉచ్చులు దాదాపు అన్నీ ఈ ఒక్క కుటుంబంలోనే ఎదురవుతాయి.

దీనికి లేబొరేటరీ అక్కర్లేదు. మామూలు ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, ఉచితంగా దొరికే రెండు మూడు సాఫ్ట్‌వేర్లు చాలు. డిగ్రీ స్థాయి జీవశాస్త్రం చదివినవాళ్లు తేలిగ్గా చేయగలరు. ఇంటర్‌లో బైపీసీ చదివి ఓపికున్నవాళ్లకూ కష్టమేమీ కాదు.

1. ముందు ప్రశ్న తేల్చుకోండి

"అన్ని కోతుల చుట్టరికాలూ తేలుస్తా" అని మొదలుపెడితే పని తెమలదు. ఒక్క ప్రశ్న పట్టుకోండి. మనం గోల్డీ కోతిని తీసుకుందాం. శాస్త్రీయ నామం కాలిమికో గోల్డీ. బొలీవియా, పెరూ, బ్రెజిల్, కొలంబియా దేశాల్లోని ఎగువ అమెజాన్ అడవుల్లో ఉంటుంది. ఒళ్లంతా నలుపు, బరువు సుమారు అరకిలో. 1904లో దీన్ని కొత్త జాతిగా వర్ణించారు. బ్రెజిల్‌లో పనిచేసిన స్విస్ ప్రకృతి శాస్త్రవేత్త ఎమిల్ గోల్డీ పేరు పెట్టారు.

దీంతో చిక్కేమిటంటే, కాలిట్రికిడేలో మిగతా కోతులకు దవడలో ఒక్కో పక్కన రెండేసి చర్వణకాలు ఉంటే, దీనికి మూడేసి ఉన్నాయి. మిగతావి మామూలుగా కవలల్ని కంటాయి, ఇది ఒక్క పిల్లనే కంటుంది. ఈ రెండూ పెద్ద కోతుల లక్షణాలు. కానీ వేళ్లకు చూస్తే మార్మోసెట్ల లాగే పంజా గోళ్లు. అందుకే చాలాకాలం దీన్ని ఎక్కడ పెట్టాలో తేలలేదు. కొందరు దీనికంటూ ఒక వేరే కుటుంబాన్నే కట్టబెట్టారు. ఇంకొందరు పెద్ద కోతులకూ చిట్టి కోతులకూ నడుమ మిగిలిపోయిన పాత శాఖ అనుకున్నారు.

మన ప్రశ్న: గోల్డీ కోతి ఈ కుటుంబానికి బయట ఉందా, అంచున ఉందా, నట్టనడుమ ఉందా?

2. ఏ జన్యువు, ఏ జాతులు

మొదటిసారి చేసేవాళ్లు మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ బి జన్యువుతో మొదలుపెట్టడం మంచిది. పొడవు సుమారు 1,140 అక్షరాలు (డీఎన్ఏను రాసే ఏ, సీ, జీ, టీ). కోతుల్లో ఎన్నో జాతులకు దీని క్రమం, అంటే ఆ అక్షరాల వరస, ఇప్పటికే బహిరంగ డేటాబేసుల్లో ఉంది. కణానికి ఒకటో రెండో కాకుండా వందల ప్రతులుంటాయి కాబట్టి, మ్యూజియంలో ఏళ్ల తరబడి ఉన్న పాత చర్మం నుంచి కూడా చదవగలిగారు.

దీని లోపం కూడా ముందే తెలిసుండాలి. ఇంటిపేరు తండ్రి వైపు నుంచే వచ్చినట్టు, మైటోకాండ్రియా తల్లి వైపు నుంచే వస్తుంది. అంటే మనకు కనిపించేది ఆడవాళ్ల వరసే. ఈ సంగతి ఎందుకు ముఖ్యమో తర్వాత చూద్దాం.

జాతుల ఎంపికలో ఒక సూత్రం: ప్రతి ప్రజాతి (జీనస్) నుంచీ కనీసం ఒకటి, వీలైతే రెండు జాతులు. వాటిలో ఒక్కోదానికి ఇద్దరు వేర్వేరు జంతువుల క్రమాలు. కాలిథ్రిక్స్ (తూర్పు బ్రెజిల్ మార్మోసెట్లు), మికో (అమెజాన్ మార్మోసెట్లు), సిబ్యుయెల్లా (పిగ్మీ), కాలిమికో (గోల్డీ), లియోంటోపిథెకస్ (సింహ టామరిన్లు), సాగ్వినస్, లియోంటోసీబస్ (రెండు రకాల టామరిన్లు). ఇవి కాక బయటి జట్టుగా స్క్విరల్ మంకీ, కపుచిన్. ఈ రెండూ దక్షిణ అమెరికావే, దగ్గరి చుట్టాలే, కానీ ఈ కుటుంబానికి బయటివి. చెట్టుకు వేరు ఎటువైపు ఉందో చెప్పేది ఇవే.

బయటి జట్టు అన్నాం కదా అని మరీ దూరం పోకండి. మన తూర్పు కనుమల్లో తిరిగే దేవాంగపిల్లి కూడా చిన్నదే, చూడ్డానికి కోతిలాగే ఉంటుంది కదా, దాన్ని వాడొచ్చా అని ఎవరికైనా అనిపించొచ్చు. వాడకూడదు. అది అసలు కోతే కాదు. లీమర్ల వైపు శాఖ, ఆరు కోట్ల ఏళ్లకు ముందే విడిపోయింది. అంత దూరపు క్రమంలో ఒకే స్థానం పదేపదే మారిపోయి ఉంటుంది. అలాంటి పొడవాటి కొమ్మ లోపలి కొమ్మల్ని కూడా తనవైపు లాగేస్తుంది.

3. క్రమాలు దించుకోవడం, అనుమానించడం

అమెరికాలోని ఎన్‌సీబీఐ సంస్థ నడిపే జెన్‌బ్యాంక్ అనే డీఎన్ఏ డేటాబేసులోకి వెళ్లి, శాస్త్రీయ నామం, జన్యువు పేరు కొట్టండి. వచ్చిన ఫలితాలను ఫాస్టా ఫార్మాట్‌లో (క్రమాలను రాసే మామూలు టెక్స్ట్ ఫైలు) దించుకోండి. ఇదంతా చిటికెలో అయిపోతుంది. అసలు పని తర్వాత మొదలవుతుంది.

నా లెక్కలో ఈ మొత్తం వ్యవహారంలో సగం శ్రమ ఇక్కడే పెట్టాలి. చెట్టు గీయడం కంప్యూటర్ పని, అది ఏ చెత్త ఇచ్చినా అందమైన చెట్టే గీస్తుంది. ప్రతి రికార్డునూ తెరిచి ఇవి చూడండి.

మొదటిది, ఆ జంతువు ఎవరు? ఏ అడవిలో దొరికింది, ఏ మ్యూజియంలో దాని నమూనా ఉంది అన్న వివరాలు రికార్డులో ఉంటే నమ్మకం పెరుగుతుంది. జూలో పెరిగిందని మాత్రమే ఉంటే జాగ్రత్త. జూలో జాతి గుర్తింపు ఒక్కోసారి తప్పు, ఒక్కోసారి ఆ జంతువే సంకరం.

రెండోది, పాత పేర్లు. ఈ కుటుంబంలో పేర్లు తెగ మారాయి. అమెజాన్ మార్మోసెట్లను ఒకప్పుడు కాలిథ్రిక్స్‌లోనే కలిపేవారు. 2016లో చిన్న టామరిన్లను సాగ్వినస్ నుంచి విడదీసి లియోంటోసీబస్ అన్నారు. పిగ్మీ మార్మోసెట్ ఒకే జాతి కాదు, రెండని 2018లో జన్యు ఆధారాలతో వాదించారు. పాత వ్యాసంలో ఒక పేరు, డేటాబేసులో ఇంకో పేరు కనిపిస్తే కంగారు పడకండి. ఒక స్ప్రెడ్‌షీట్‌లో పాత పేరు, కొత్త పేరు, యాక్సెషన్ నంబరు (డేటాబేసులో ఆ రికార్డు గుర్తింపు సంఖ్య), దొరికిన చోటు పక్కపక్కన రాసుకోండి.

మూడోది, నుమ్ట్‌లు. ఈ ఉచ్చు దగ్గర కాస్త ఆగాలి. పరిణామ క్రమంలో మైటోకాండ్రియా డీఎన్ఏ ముక్కలు అప్పుడప్పుడూ తెగి కేంద్రకంలోని క్రోమోజోముల్లో అతుక్కుపోతాయి. అక్కడ వాటికి పనేమీ ఉండదు, ఇష్టమొచ్చినట్టు మారిపోతుంటాయి. పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకు ఎన్నో ప్రతులు తీసే పద్ధతి) చేసేటప్పుడు అసలు జన్యువు బదులు ఈ నకలు పెరిగిపోతే, మనం చదివేది వేరే చరిత్ర. ఈ కోతుల్లోనే సైటోక్రోమ్ బి నకళ్లు కేంద్రకంలో ఒకటి కాదు, చాలా ఉన్నాయని 2000లోనే తేలింది. మార్మోసెట్ల మీద పనిచేసేవాళ్లు దీన్ని మర్చిపోకూడదు.

నకలును పట్టేదెలా? క్రమాన్ని ప్రోటీన్‌గా అనువదించి చూడండి. అసలైన జన్యువులో మధ్యలో ఎక్కడా ఆగిపోయే సంకేతం ఉండదు. ఉంటే అది నకలని గట్టిగా అనుమానించాలి. మరో గుర్తు: అసలు జన్యువులో మార్పులు ఎక్కువగా ప్రతి కోడాన్‌లో (ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడక్షరాల గుంపు) మూడో అక్షరం దగ్గర పోగవుతాయి, ఎందుకంటే అక్కడ మారినా అమైనో ఆమ్లం చాలాసార్లు మారదు. పనిలేని నకలులో మూడు స్థానాల్లోనూ మార్పులు ఇంచుమించు సమానంగా పడతాయి. వీలైనప్పుడు మొత్తం మైటోకాండ్రియా జీనోమ్ చదివిన రికార్డునే ఎంచుకోండి. కోతుల్లో అది సుమారు 16,500 అక్షరాల వలయం. అంత పొడవున ఒకేసారి చదివినప్పుడు నకలు దూరే అవకాశం బాగా తగ్గుతుంది.

4. కొత్త నమూనా నుంచి చదివేవాళ్లకు

ఇంట్లో చేసేవాళ్లు దీన్ని దాటేయొచ్చు. పరిశోధన విద్యార్థులు మాత్రం అనుమతుల నుంచి మొదలుపెట్టాలి. కోతులన్నీ అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం అనుబంధాల్లో ఉన్నాయి. గోల్డీ కోతి, సింహ టామరిన్లు అయితే అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో. నాలుగు వెంట్రుకలు సరిహద్దు దాటించాలన్నా కాగితాలు కావాలి. బ్రెజిల్‌లో నమూనా సేకరణకు సిస్‌బయో అనుమతి, జన్యు వనరుల వాడకానికి సిస్‌జెన్ నమోదు వేర్వేరు. పెంపుడు జంతువుల పేరుతో దొంగచాటుగా వచ్చిన మార్మోసెట్ మన దేశంలోనే ఎక్కడో దొరికింది కదా అని దాని రక్తం తీసుకుని పరిశోధన మొదలుపెట్టడం చట్టరీత్యా ఇబ్బందే, శాస్త్రరీత్యా అంతకంటే ఇబ్బంది. ఏ అడవిదో తెలియని జంతువు క్రమం ఎందుకూ కొరగాదు.

ఇక రక్తం గురించి. మార్మోసెట్, టామరిన్ కవలలకు కడుపులో ఉండగానే మాయలోని రక్తనాళాలు కలిసిపోతాయి. ఒకరి రక్త మూలకణాలు ఇంకొకరిలో చేరి జీవితాంతం ఉండిపోతాయి. దీన్ని కైమెరిజం అంటారు. అంటే ఒక కోతి రక్తం తీస్తే అందులో ఇద్దరి కేంద్రక డీఎన్ఏ ఉంటుంది! ఒకే స్థానంలో మూడు రకాల అక్షర రూపాలు కనిపించి, రీడింగ్ పాడైందేమో అని టెన్షన్ పడేది ఇలాంటప్పుడే. ఈ కలగలుపు శరీరమంతా, వీర్యకణాల్లో కూడా ఉందని 2007లో ఒక పరిశోధన చెప్పింది. తర్వాత ఒక్కో కణాన్నీ విడివిడిగా చదివినవాళ్లకు అది రక్తం వంశపు కణాల్లోనే కనిపించింది. ఏది నిజమైనా ఈ పని చేసేవాళ్లకు పాఠం ఒకటే: కేంద్రక జన్యువుల కోసమైతే రక్తం వద్దు, వెంట్రుక కుదురో, చిన్న చర్మం ముక్కో మేలు.

మైటోకాండ్రియా విషయంలో మాత్రం ఈ గొడవ లేదు. కవలలిద్దరికీ తల్లి ఒక్కతే కాబట్టి ఎవరి కణం చదివినా అదే మైటోకాండ్రియా క్రమం. అయినా రక్తానికి ఇంకో లోపం ఉంది. క్షీరదాల ఎర్ర కణాల్లో కేంద్రకమూ ఉండదు, మైటోకాండ్రియా కూడా ఉండదు. మైటోకాండ్రియా దండిగా ఉండే కండరం లాంటి కణజాలం తీసుకుంటే నుమ్ట్ ముప్పు కూడా తగ్గుతుంది.

5. వరసలో పేర్చడం

మెగా అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, మెనూలతో నడుస్తుంది, విండోస్‌లో హాయిగా పనిచేస్తుంది. మొదటి రూపం 1993లో సుధీర్ కుమార్, కోయిచిరో తమురా, మసతోషి నెయ్ తెచ్చారు. దాంట్లోనే మజిల్ అనే పేర్చే ప్రోగ్రాం ఉంటుంది. పేర్చడమంటే అన్ని క్రమాల్లోని సాటి అక్షరాలు ఒకే నిలువు వరసలోకి వచ్చేలా సర్దడం.

అన్ని క్రమాలనూ ఒక ఫైల్లో చేర్చి, కోడాన్ల ప్రకారం పేర్చమని చెప్పండి. ఇక్కడ ఒక సెట్టింగ్ చూసుకోకపోతే రోజంతా వృథా. జెనెటిక్ కోడ్ అన్న చోట 'స్టాండర్డ్' ఉంటే దాన్ని 'వెర్టిబ్రేట్ మైటోకాండ్రియల్' అని మార్చాలి. టీజీఏ అన్న మూడక్షరాలు మామూలు కోడ్‌లో 'ఆగు' అని చెబుతాయి, మన మైటోకాండ్రియాలో అవే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం. ఏజీఏ, ఏజీజీ దీనికి తలకిందులు: మామూలు కోడ్‌లో ఆర్జినిన్, మైటోకాండ్రియాలో ఆగుడు సంకేతాలు. సెట్టింగ్ మార్చకపోతే శుభ్రమైన క్రమం కూడా ఆగుడును చూపే నక్షత్రం గుర్తులతో నిండిపోయి నుమ్ట్‌లా కనిపిస్తుంది. మంచి డేటాను చేతులారా పారేసుకుంటారు.

పేర్చాక కంటితో చూడండి. సైటోక్రోమ్ బి పొడవు ఈ కోతుల్లో దాదాపు మారదు. నడిమధ్యలో ఖాళీలు వచ్చాయంటే ఆ క్రమంలో ఏదో తేడా ఉంది. రెండు చివర్లలో కొన్ని క్రమాలు పొట్టిగా ఉంటే అందరికీ ఉన్న భాగం వరకే కత్తిరించండి.

తర్వాత జతల మధ్య తేడాల పట్టిక తీయండి. 1,140 అక్షరాల్లో 57 చోట్ల తేడా ఉంటే 5 శాతం అన్నమాట. ఒకే జాతికి చెందిన ఇద్దరి మధ్య తేడా రెండు వేరే ప్రజాతుల మధ్య ఉన్నంత ఉందంటే, లేదా రెండు వేరే ప్రజాతుల మధ్య సున్నా అంటే, వెనక్కి మూడో మెట్టుకు పోవాల్సిందే.

6. చెట్టు గీయడం

చెట్టు గీయడానికి మాక్సిమం లైక్లీహుడ్ పద్ధతి వాడండి. ఇచ్చిన అక్షరాలు ఇలా ఉండడానికి ఏ చెట్టు అయితే సంభావ్యత అత్యధికమో వెతికి పెట్టే పద్ధతి అది. దానికి ముందు మార్పుల నమూనా (ఏ మార్పు ఎంత తరచుగా జరుగుతుందో చెప్పే గణిత మోడల్) ఎంచుకోవాలి, ఎందుకంటే అన్ని మార్పులూ సమానం కావు. ఏ, జీ ఒకదానికొకటి, సీ, టీ ఒకదానికొకటి మారడం చాలా మామూలు. ఏ అన్న అక్షరం సీ కావడం అరుదు. మెగాలో సరైన నమూనా వెతికే ఆప్షన్ ఉంది. బీఐసీ (నమూనాలను పోల్చే స్కోరు) విలువ అతి తక్కువ ఉన్నదాన్ని తీసుకోండి. ఇంకొంచెం నైపుణ్యం వచ్చాక ఐక్యూ-ట్రీ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌కు మారండి. దాంట్లో కోడాన్ మూడు స్థానాలకూ మూడు వేర్వేరు నమూనాలు ఇవ్వొచ్చు. సైటోక్రోమ్ బి లాంటి జన్యువుకు అదే న్యాయం.

బూట్‌స్ట్రాప్ 1,000 పెట్టండి. 1985లో జోసెఫ్ ఫెల్సెన్‌స్టీన్ ఈ విద్యలోకి తెచ్చిన ఉపాయమిది. ఉన్న 1,140 నిలువు వరసల్లోంచి మళ్లీ మళ్లీ యాదృచ్ఛికంగా ఏరి, కొత్త చెట్లు గీసి, ఫలానా కొమ్మ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడుతుంది. మామూలు బూట్‌స్ట్రాప్‌లో 70 శాతం దాటితే పరవాలేదంటారు. ఐక్యూ-ట్రీలోని వేగవంతమైన బూట్‌స్ట్రాప్ లెక్క వేరు, దాంట్లో 95 దాటాలి. రెండిటినీ కలిపి మాట్లాడడం చాలామంది చేసే పొరపాటు.

చివరగా స్క్విరల్ మంకీ, కపుచిన్ కొమ్మ దగ్గర వేరు పెట్టండి. ఫలితం ఒక వరసలో ఇలా వస్తుంది:

((((పిగ్మీ, మికో), కాలిథ్రిక్స్), గోల్డీ), సింహ టామరిన్), (సాగ్వినస్, లియోంటోసీబస్)

లోపలి కుండలీకరణంలో ఉన్నవి అతి దగ్గరివి. పైన రాసింది ఇప్పుడు చాలా అధ్యయనాలు ఒప్పుకునే వరస. మీ చెట్టులో పిగ్మీ, మికో, కాలిథ్రిక్స్ ఒక గుంపుగా, రెండు టామరిన్ ప్రజాతులు ఒక గుంపుగా రావాలి. సింహ టామరిన్, గోల్డీ కోతి ఉన్న నడిమి కొమ్మల దగ్గర మాత్రం అంకెలు నీరసంగా ఉండొచ్చు. అది మీ తప్పు కాదు.

7. ఒక్క జన్యువు ఎందుకు సరిపోదు

మూడో కోడాన్ స్థానాలు వేగంగా మారతాయి. కోటి ఏళ్లకు పైబడిన విభజనల దగ్గర అవి ఒకసారి మారి, మళ్లీ మారి, తొలి అక్షరానికే తిరిగొచ్చి ఉంటాయి. పాత జాడ చెరిగిపోతుంది. పైగా ఆ విభజనలు కొద్దికాలంలోనే ఒకదాని వెంట ఒకటి జరిగాయి కాబట్టి నడిమి కొమ్మలు పొట్టివి.

గోల్డీ కోతి చిక్కు విడిపోయింది కేంద్రక జన్యువులతోనే. 1990ల్లో బ్రెజిల్‌కు చెందిన హొరాసియో ష్నైడర్ బృందం ఎప్సిలాన్ గ్లోబిన్ లాంటి జన్యువులు చదివి, అది మార్మోసెట్లకు అక్కాచెల్లెళ్ల వరస అని చూపింది. 2011లో 186 రకాల ప్రైమేట్లలో (కోతులు, లీమర్లు, మనుషులు చేరిన వర్గం) 54 కేంద్రక జన్యు భాగాలు చదివిన అధ్యయనం కూడా అదే చెప్పింది. క్రోమోజోముల్లో దూకి అతుక్కునే ఆల్యూ ముక్కల సాక్ష్యం కూడా అటే మొగ్గింది. ఒకే ముక్క సరిగ్గా ఒకే చోట రెండు వంశాల్లో విడివిడిగా అతుక్కోవడం దాదాపు జరగదు కాబట్టి ఆ సాక్ష్యానికి విలువెక్కువ.

కాబట్టి గోల్డీ కోతి అంచున మిగిలిన పాత శాఖ కాదు, కుటుంబం లోపలిదే. దాంతో ఇంకో ప్రశ్న లేస్తుంది. మూడో చర్వణకం, ఒంటి కాన్పు దానికి ఎలా వచ్చాయి? టామరిన్లు, సింహ టామరిన్లు, మార్మోసెట్లు విడివిడిగా పంటిని పోగొట్టుకుని కవలలకు మారాయా, లేక గోల్డీ వంశం వెనక్కి మళ్లిందా? మొత్తం కుటుంబం పెద్ద కోతుల నుంచి కుంచించుకుపోయి చిన్నదైందన్న విషయంలో మాత్రం పెద్ద అనుమానం లేదు. చిన్నవి కాబట్టి ఆదిమ రూపాలు అన్న పాత ఊహ చెట్టు ముందు నిలవలేదు.

చేతిలో చాలా జన్యువులుంటే ఒక్కోదానికి ఒక్కో చెట్టు గీసి, ఆస్ట్రల్ లాంటి ప్రోగ్రాంతో వాటన్నిటి మీద ఒక జాతి వృక్షం కట్టండి. జన్యువుల చెట్లు ఒకదాంతో ఒకటి విభేదించడం మామూలే. కొమ్మ పొట్టిదైనప్పుడు పూర్వీకుల్లోని పాత వైవిధ్యం పూర్తిగా వడపోత కాకుండానే తర్వాతి విభజన వచ్చేస్తుంది.

సంకరం గొడవ ఇంకా వేరు. సామాన్య మార్మోసెట్, నల్ల కుచ్చుల మార్మోసెట్ బ్రెజిల్‌లో ఈశాన్య, మధ్య ప్రాంతాలవి. పెంపుడు జంతువుల వ్యాపారం పుణ్యమా అని రియో, సావ్ పావ్లో వైపు వచ్చిపడ్డాయి. అక్కడి స్థానిక జాతి కాలిథ్రిక్స్ ఆరిటా ఇప్పటికే అంతరించే ముప్పులో ఉంది, వచ్చినవాటితో అది కలిసిపోతోంది. ఇలాంటి సంకరం పిల్ల మైటోకాండ్రియా చదివితే తల్లి జాతి పేరే చెబుతుంది. తండ్రి జాడ అసలు కనపడదు. రెండో మెట్టులో చెప్పిన లోపం ఇదే.

మొత్తం జీనోములు కావాలంటే అవి కూడా ఇప్పుడు బహిరంగంగానే ఉన్నాయి. సామాన్య మార్మోసెట్ జీనోమ్ 2014లో వచ్చింది, అమెరికా ఖండపు కోతుల్లో అదే మొదటిది. 2023లో 233 ప్రైమేట్ జాతుల నుంచి 809 జంతువుల జీనోములు ఒకేచోట చేరి బయటికొచ్చాయి. ఆ పనిలో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాలుపంచుకున్నారు.

8. కాలం లెక్క

చెట్టు మీద ఏళ్లు వేయాలంటే శిలాజం కావాలి. ఈ కోతులకు ప్రధాన ఆధారం కొలంబియాలోని లా వెంటా. అక్కడ సుమారు 1.2 నుంచి 1.3 కోట్ల ఏళ్లనాటి పొరల్లో నియోసైమిరి అనే స్క్విరల్ మంకీ బంధువు దొరికింది. విభజనల కాలాన్ని లెక్కగట్టే బీస్ట్ సాఫ్ట్‌వేర్‌లో ఆ కాలాన్ని స్క్విరల్ మంకీ, కపుచిన్ విడిపోయిన చోట కనీస హద్దుగా ఇవ్వండి. కనీస హద్దు అని ఎందుకంటే, శిలాజం దొరికేనాటికి వంశం అప్పటికే విడిపోయి ఉంది, ఎంత ముందు అన్నది అది చెప్పదు. వచ్చిన జవాబును ఒక్క అంకెగా చెప్పకండి, ఎంత నుంచి ఎంత వరకు అన్న పూర్తి అవధి రాయండి. సైటోక్రోమ్ బి ఒక్కదాంతో తీసిన పాత విభజనల తేదీలు అసలు కంటే ఎక్కువో తక్కువో వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి ఆ తేదీలతో అమెజాన్ నదుల చరిత్ర రాయబోకండి.

9. రాసి పెట్టుకోవాల్సినవి

వాడిన ప్రతి క్రమానికీ యాక్సెషన్ నంబరు, తీసేసినవాటికి ఎందుకు తీసేశారో కారణం, పేర్చిన ఫైలు, మార్పుల నమూనా పేరు, సాఫ్ట్‌వేర్ వెర్షన్, బూట్‌స్ట్రాప్ రకం. బొమ్మతో పాటు చెట్టు ఫైలు కూడా దాచండి, బొమ్మ నుంచి కొమ్మల పొడవులు మళ్లీ రాబట్టలేం.

ఇదంతా అయ్యాక రెండో ప్రశ్న కావాలంటే, అదే ఫైల్లో రాత్రిపూట తిరిగే ఔల్ మంకీని చేర్చి చూడండి. అది మార్మోసెట్ల వైపు పోతుందా, కపుచిన్ల వైపు పోతుందా అన్నదాని మీద అధ్యయనాలు చాలాకాలం కొట్టుకున్నాయి. మార్పుల నమూనాను మార్చి, ఒక జాతిని తీసి, ఇంకోదాన్ని చేర్చి మళ్లీ మళ్లీ నడపండి. అది ఎన్నిసార్లు చోటు మారుతుందో గమనిస్తే, ఏ కొమ్మను ఎంతవరకు నమ్మాలో చేతికి తెలిసొస్తుంది.